క్ష కింద య వత్తు

మద్దిలపాలెం,
16 ఆగస్టు 1979

మా వరహాలుకి,

నీ తండ్రి గురునాథరావు నిండు మనసుతో రాస్తున్న ఉత్తరం. నువ్వు దిగులు పడుతూ ఉంటావని ముందు ఆ సంగతే ఎత్తుకుంటున్నాను. మీ రాకెట్టు సముద్రంలో పడిపోయిందని రేడియోలో చెప్పారు. పడితే పడనీ. మన బంగాళాఖాతంలోనే కదా పడింది, పరాయివాళ్ళ నీళ్ళలో కాదు కదా. ముప్ఫై ఎనిమిదేళ్ళు పోర్టులో లాంచీ సరంగుగా చేసినవాణ్ణి, ఆ నీళ్ళలో ఎన్నెన్ని పడ్డాయో నాకు తెలుసు. అన్నీ కడుపులో దాచుకుని మర్నాడు ఏమీ ఎరగనట్టు ఉంటుంది. వీధిలో కొందరు నవ్వారు. పాల ఆదిలక్ష్మమ్మ అయితే "ఏటి బాబూ, మీ వోడి తారాజువ్వ తుస్సుమన్నాదంట గదా" అంది. నాకు కోపం రాలేదు సరికదా ఒళ్ళు పులకరించింది. నా కొడుకు చేసే పని గురించి పాలమనిషి మాట్లాడుతోంది. ఈ మద్దిలపాలెంలో ఇంకెవరి కొడుకు పనిని రేడియో చెప్పింది?

మీ అమ్మకు కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు. ఏప్రిల్లో పక్షవాతంతో పోయిన మాట కొద్దికొద్దిగా తిరిగి వస్తోంది గాని ముద్దముద్దగా వస్తుంది. నాకొక్కడికే తెలుస్తుంది. తెలియనిచోట నేనే పూరించుకుంటాను. రోజూ అడిగేది ఒక్కటే, అన్నయ్య వచ్చాడా అని. మీ రమణమూర్తి మావయ్య మన గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని నాలుగేళ్ళు దాటింది. తన కూతురు తాయారుని నువ్వు చేసుకోనన్నావని పోర్టు గేటు దగ్గర పదిమందిలో నిన్ను చెంపమీద కొట్టాడు, నిజమే. నువ్వూ ఊరుకోలేదు. "నా రోజూ వత్తాది మావా, అప్పుడు సూసుకుందాం" అన్నావు. తాయారుకి వేరే పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినా ఆ మాట ఆయనకి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అయినా మంచి కబురు ఉంది, విను. మూడు వారాలుగా ఆయన సబ్బవరం నుంచి బస్సెక్కి వస్తున్నాడట. మన వీధి మలుపులో చిలకమ్మ టీ బడ్డీ దగ్గర కూర్చుని, చెల్లెలు ఎలా ఉందని ఆమెనడిగి వెళ్ళిపోతున్నాడట. ఇంటిదాకా రాడు, రాకుండా ఉండనూలేడు. దీన్ని మీ చదువులో ఏమంటారో రాయి.

నేను పైకి చదువుకుంటూ గాని రాయలేను కనుక మీ అమ్మ మంచంమీంచి అంతా వింటోంది. ఇక్కడ నవ్వింది.

నీ మేలు తప్ప వేరే ధ్యాస లేని
నాన్న


శ్రీహరికోట,
2 సెప్టెంబరు 1979

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్కడ అందరం తలలు వేలాడేసుకుని ఉన్నాం. పడిపోయిందని నవ్వేవాళ్ళకి ఒక్కమాట చెప్పు, పైన తిరిగేవి కూడా పడుతున్నవే.

డాల్ఫిన్స్ నోస్ కొండమీద లైట్‌హౌసు పక్కన నిలబడి నువ్వొక రాయి విసిరావనుకో. కాస్త దూరంలో నీళ్ళలో పడుతుంది. వడిసెలతో విసిరితే ఇంకా దూరం పోయి పడుతుంది. భూమి గుండ్రం కదా. అలా జోరు పెంచుకుంటూ పోతే ఒకచోట, రాయి ఎంత కిందికి పడుతుందో దాని కిందనున్న భూమి కూడా అంతే వంగిపోతుంది. రాయి పడుతూనే ఉంటుంది, నేల మాత్రం అందదు. లోకమంతా చుట్టి నీ వీపు వెనకనుంచి వస్తుంది. ఆ తిరిగే దారినే కక్ష్య అంటాం. దానికి కావలసిన జోరు సెకనుకు ఎనిమిది కిలోమీటర్లు. మన ఇంటినుంచి సబ్బవరానికి మూడు సెకన్లు. అంతకన్న తగ్గితే పడిపోతుంది, మరీ పెరిగితే ఇక తిరిగి రాదు. మాకు మొన్న తగ్గింది.

ఇదంతా భూమి లాగడం వల్లే. తాడు లేదు, కొక్కెం లేదు, అయినా వదలదు.

మావయ్య టీ బడ్డీ చుట్టూ తిరగడానికి మా చదువులో పేరు లేదు. ఆ రోజు నేనన్నది ఇరవై రెండేళ్ళవాడి మాట. ఆయన మీద నాకేమీ లేదు, కనబడితే చెప్పు. నేనే రాద్దును, కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి ఆడటం లేదు. అమ్మకు వేడినీళ్ళ కాపడం మానకు.

వరహాలు


మద్దిలపాలెం,
11 మార్చి 1980

బంగారు తండ్రీ వరహాలూ,

ఈ రోజు సంతోషంతో కలం పట్టుకున్నాను. మీ మావయ్య అరుగుదాకా వచ్చాడు! తాతబాబుని వెంట తెచ్చుకున్నాడు. నువ్వు చూసినప్పుడు నిక్కర్లలో తిరిగే మావయ్య కొడుకు ఇప్పుడు నాకన్న చెయ్యెత్తు పొడుగు. ఎత్తు కట్టడాలకు రంగులు వేసే పనిలో కుదిరాడట. భయం లేదా అంటే "కిందకి సూడకపోతే సాలు మావయ్యా" అన్నాడు, నవ్వుతూ.

మీ మావయ్య అరుగుమీద కూర్చున్నాడు గాని లోపలికి రాలేదు. కిటికీలోంచి మీ అమ్మ కేసి చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. నువ్వు రాసిన మాటలన్నీ చెప్పాను. నీకు ఆయన మీద ఏమీ లేదన్నాను. రాయి సంగతి, వడిసెల సంగతి, కక్ష సంగతి, నాకు వచ్చినంతలో చెప్పాను. ఆయన కాసేపు గెడ్డం గోక్కుని ఏమన్నాడో విను. "ఒట్టు పెట్టుకున్నోణ్ణి, ఊరికే ఎలాగొత్తాను బావా. నీ కొడుకు ఆకాశంలో ఏటో తిప్పుతాడంతావు గదా. అది తిరిగిన్నాడు నాకో కార్డుముక్క రాయి. నా మేనల్లుడు అంతోడయ్యాడని జెప్పుకుని, ఆ వంకన లోపలికొచ్చి చెల్లి పక్కన కూకుంతాను" అన్నాడు.

చూశావా! మనిషి వచ్చేసినట్టే. వంక కోసం వెతుక్కుంటున్నాడు, అంతే. మీ అమ్మకి చెబితే వేళ్ళమీద నెలలు లెక్కపెడుతోంది. వరహాలూ, ఇక నీ రాకెట్టు దేశం కోసమో ఎవరి కోసమో నాకు తెలియదు, మీ అమ్మ కోసం అనుకుని ఎగరెయ్యి. పక్షవాతం మళ్ళీ ఒకసారి వస్తే తట్టుకోదని డాక్టరుగారన్నారు. అది మాత్రం నేను పైకి చదవకుండా రాశాను.

ఆనందంతో తలకిందులవుతున్న
నాన్న


శ్రీహరికోట,
18 జూలై 1980

నాన్నా,

పొద్దున్న ఎనిమిది దాటాక వదిలాం. కక్ష్య సాధించాం. ఒక చుట్టు చుట్టి వచ్చింది కూడా. మా గదిలో తలనెరిసినవాళ్ళు ఏడ్చారు. ఇంకా ఏం రాయాలో తెలియడం లేదు. అమ్మకి చెప్పు. మావయ్యకి కార్డు రాస్తానన్నావు కదా, రాసెయ్యి.

వరహాలు


మద్దిలపాలెం,
22 జూలై 1980

నా వంశం నిలబెట్టిన వరహాలుకి,

రేడియోలో విన్నాను, పేపరులో చూశాను, నీ ఉత్తరం వచ్చేదాకా మాత్రం నమ్మలేదు. నిన్న వచ్చింది. వచ్చిన గంటలో వీధి వీధంతా లడ్డూలు పంచాను. ఆదిలక్ష్మమ్మ చెంబులో పాలు ఊరికే పోసింది. డిపో దగ్గర కండక్టర్లు నన్ను నిలబెట్టి, అది ఎందుకు పడదో చెప్పమన్నారు. పడుతూనే ఉంది నాయనా, నేల అందటం లేదు అన్నాను. ఒక్కడికీ అర్థం కాలేదు. వాళ్ళకు అర్థం కాకపోవడం ఎంత బాగుందో!

మీ మావయ్యకి నిన్ననే కార్డు వేశాను. నీ ఉత్తరమే పంపెయ్యడానికి మనసొప్పక, నా చేత్తో నేనే రాశాను. నీకు నకలు రాస్తున్నాను చూడు:

"బావకు గురునాథం రాయునది. మా వరహాలు కక్ష సాధించాడు. ఇన్నాళ్ళూ దానికోసమే తిండీ నిద్రా మానుకున్నాడు. వాడి రోజు వచ్చింది బావా. పడిపోయింది పడిపోయింది అని నవ్వినవాళ్ళ నోళ్ళు మూతబడ్డాయి. మేము వీధంతా లడ్డూలు పంచాము. నీ చెల్లెలి సంతోషానికి మేర లేదు. ఇక నీ మాట నువ్వు నిలబెట్టుకో. తాతబాబుని కూడా తీసుకురా."

బాగుంది కదా! రాస్తూ పైకి చదువుతుంటే మీ అమ్మ "వొ, వొ" అంటూ ఎడమచేత్తో మంచం పట్టెమీద కొట్టింది. ఆమెలో ఇంత సంబరం పక్షవాతం వచ్చాక ఎన్నడూ చూడలేదు. పోస్టు చెయ్యడానికి నేను లేస్తే నా పంచె పట్టుకుని వదలదు. ఎలాగో విడిపించుకుని, డబ్బా తీసే వేళకి పరుగెత్తి వేసి వచ్చాను.

ఈ భూమ్మీద నాకన్న అదృష్టవంతుడు లేడని నమ్మే
నాన్న


శ్రీహరికోట,
5 ఆగస్టు 1980

నాన్నా,

నీ కార్డు నకలు మా గదిలో వాళ్ళకి చదివి వినిపించాను. "కక్ష సాధించాడు" అన్నచోట పడిపడి నవ్వారు. ఒకాయన దాన్ని గోడమీద అంటిస్తానన్నాడు. ఎందుకో వచ్చినప్పుడు చెబుతాను, నువ్వేమీ అనుకోకు.

మావయ్య వచ్చాడా? అమ్మ పక్కన కూర్చున్నాడా?

వరహాలు


మద్దిలపాలెం పోస్టాఫీసు,
20 సెప్టెంబరు 1980

వరహాలుకి,

ఈ ఉత్తరం ఇంట్లో రాయడం లేదు. పోస్టాఫీసు బల్లమీద, పైకి చదవకుండా రాస్తున్నాను.

కార్డు వేసి రెండు నెలలు ఎదురుచూశాను. మీ మావయ్య రాలేదు. చిలకమ్మ బడ్డీ దగ్గరికి రావడం కూడా మానేశాడు. ఊడ్పుల రోజులు కదా అనుకున్నాను. దసరాకి చెల్లెలికి చీర తీసుకుని ఒకేసారి వచ్చి మమ్మల్ని ఆశ్చర్యపెడతాడని మీ అమ్మకి చెప్పాను. చెప్పి చెప్పి నేనే నమ్మాను. నిన్న ఉండబట్టలేక, అరడజను అరటిపళ్ళు కొనుక్కుని సబ్బవరం బస్సెక్కాను.

వాకిట్లో అడుగు పెట్టగానే మీ మావయ్య భార్య జోగమ్మ నన్ను చూసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. తాయారు బయటకు వచ్చింది. గుమ్మంలో నిలబడి, "సంబరం ఐపోనాదా మావయ్యా, ఇంకా మిగిలినాదా?" అంది. నాకేమీ అర్థం కాలేదు. నవ్వాను కూడా. నవ్వేశానురా. ఆ తరువాత కిటికీలోంచి గోడమీద తాతబాబు ఫొటో కనబడింది. దండ వేసి ఉంది.

జూలై పదిహేడున పోయాడట, తాయారే చెప్పింది. మన మద్దిలపాలెం డిపోకి రెండు మైళ్ళలోనే, కొత్తగా కట్టిన నీళ్ళ ట్యాంకుకి రంగు వేస్తూ పైనుంచి జారాడట. మీ అమ్మకి తెలిస్తే తట్టుకోదని, మాకెవరూ చెప్పవద్దని మీ మావయ్యే అందరి చేతా మాట తీసుకున్నాడట. నేను లడ్డూలు పంచిన రోజుకి ఆ పిల్లవాడు పోయి నాలుగు రోజులు.

తెలియదమ్మా అన్నాను. ఎంత దాచినా ఊరంతా తెలిసింది, రెండు మైళ్ళలో ఉన్న నీకు తెలియదా అంది. పళ్ళు అరుగుమీద పెట్టి వచ్చేశాను. మైలలో ఉండగా లడ్డూల మాట రాశానని కోపం అనుకుంటాను. అంతకన్న నేను చేసిన తప్పేమిటి? నీకేమైనా తెలిస్తే రాయి. మీ అమ్మకి, బావ ఇంట్లో లేడని చెప్పాను.

నాన్న


శ్రీహరికోట,
1 అక్టోబరు 1980

నాన్నా,

ఈ ఉత్తరం కూడా పైకి చదవకు.

మేం సాధించింది కక్ష్య. క్ష కింద య వత్తు ఉంటుంది. అంటే తిరిగే దారి. నువ్వు ఆ వత్తు వదిలేసి కక్ష అని రాశావు. "మా వరహాలు కక్ష సాధించాడు, వాడి రోజు వచ్చింది, పడిపోయింది, లడ్డూలు పంచాము." ఈ మాటల్ని కొడుకు పైనుంచి పడి చచ్చిపోయిన నాలుగైదు రోజులకి చదివినవాడు ఏమనుకుంటాడో నువ్వే చూసుకో. ఆయన చెంపమీద కొట్టిన రోజున నా రోజు వస్తుందన్నది నేనే.

తప్పు నీది కాదు. నువ్వు నాలుగో తరగతితో లాంచీ ఎక్కినవాడివి. నేను నకలు చదివినప్పుడే ఆ వత్తు లేదని చూశాను. చూసి నవ్వాను, పదిమందిని నవ్వించాను. ఆ రోజే మావయ్యకి ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. తాతబాబు సంగతి తెలియదు కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది చాలదు.

కింద పెద్ద అక్షరాలతో ఆ మాట రెండు విధాలా రాసి, అర్థాలు రాశాను. ఈ కాగితం తీసుకెళ్ళి మావయ్యకి చూపించు. ఆయన చదువుకున్నవాడు, తెలుసుకుంటాడు. నాకు డిసెంబరుదాకా సెలవు లేదు.

వరహాలు


మద్దిలపాలెం పోస్టాఫీసు,
9 నవంబరు 1980

వరహాలుకి,

నీ కాగితం పట్టుకుని వెళ్ళాను. ఈసారి మీ మావయ్యే కళ్ళంలో దొరికాడు. కాగితానికి చెయ్యి చాపాడు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"అచ్చరం పోనాదంతావు" అన్నాడు.

అవును బావా అన్నాను.

"నాను నమ్మినాను. నీకు అంత పగ లేదని నాకు ఎరికే. కానీ ఆ కార్డు ముందు సదివింది నాను గాదు బావా. దినం జరగకముందే, ఇంటినిండా జనం ఉండగా, పోస్టుమేను వాకిట్లో నిలబడి పైకి సదివేసినాడు. జోగమ్మ ఇన్నాది. పరాయోళ్ళందరూ ఇన్నారు. ఆళ్ళందరికీ ఈ కాయితం ఇప్పుడెవలు సదివి ఇనిపిత్తారు?"

నేను చదువుతాను, ఇంటింటికీ వెళ్ళి చదువుతాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన మన గడప తొక్కితే నూతిలో దూకుతానని జోగమ్మ అంటోందట. "కొడుకు పోయిన మనిసి. అంత పనీ సేత్తాది" అన్నాడు. బస్సుదాకా నాతో నడిచి వచ్చాడు. దారిపొడుగునా మీ అమ్మ గురించే అడిగాడు, ఏం తింటోంది, నిద్ర పడుతోందా, కుడి చెయ్యి కొంచెమైనా కదులుతోందా అని. బస్సు కదిలేదాకా కమ్మీ పట్టుకుని, అది కదిలాక కూడా నాలుగడుగులు వేసి వదిలాడు. ఆయన్ని ఇటు చెల్లెలూ అటు పెళ్ళామూ లాగుతున్నారు. ఇద్దరు లాగితే మీ రాయి ఎటు పోతుందో నాకు తెలియదు.

ఇంటికి వచ్చి మీ అమ్మతో, కోతలవగానే వస్తానన్నాడు అని చెప్పాను. అలవాటు చొప్పున గొంతులో సంతోషం తెచ్చుకున్నాను. ఆమె నా మొహం కేసి చాలాసేపు చూసింది. తరువాత ఒక్కొక్క మాటే కూడదీసుకుని అంది, "రాడు. నువ్వు కార్డు సదివిన్నాడే... వద్దన్నాను. ఆ మాట... మంచిది గాదు."

వరహాలూ, ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆ మాట చెవిన పడగానే తెలుసుకుంది. వొ, వొ అన్నది వద్దు అని. మంచం పట్టె కొట్టింది, పంచె పట్టుకుంది, నేను విడిపించుకుని పరుగెత్తాను. అర్థం కానిచోట నేను పూరించుకుంటానని నీకు గొప్పగా రాశాను కూడా.

తాతబాబు సంగతి ఆమెకి ఇంకా తెలియదు. డిసెంబరులో తప్పకుండా రా.

నాన్న


మద్దిలపాలెం,
4 జనవరి 1981

నా వరహాలుకి,

మీ అమ్మ దినం అయ్యాక నువ్వు రైలెక్కి వెళ్ళిన దగ్గరనుంచి ఇంట్లో గడియారం చప్పుడు పెద్దదైపోయింది. మంచం పక్క గదిలోకి మార్చాను. ఇప్పుడు పైకి చదువుతూ రాస్తున్నా వినేవాళ్ళు లేరు, అయినా చదువుతూనే రాస్తున్నాను.

నీకు ఒక సంతోషకరమైన సంగతి చెప్పాలి. నువ్వు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా చెబితే నువ్వేమంటావో అని భయం వేసింది.

ఆ రోజు నిప్పుకుండ పట్టుకుని నువ్వు ముందు నడిచావు. కుండ పట్టినవాడు వెనక్కి చూడకూడదు కనుక నీకు తెలియదు. మీ మావయ్య వచ్చాడు. మనం ఎవరం కబురు చెయ్యలేదు, చిలకమ్మ చేసిందట. మన ఇంటికి రాలేదు. వీధి మలుపులో నిలబడ్డాడు. పాడె దాటి వెళ్ళాక ముప్ఫై అడుగులు వదిలి వెనకాలే నడిచాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. మనం నెమ్మదిస్తే నెమ్మదించాడు, మనం జోరుగా నడిస్తే జోరుగా నడిచాడు. ముప్ఫై అడుగులు ముప్ఫై అడుగులుగానే ఉన్నాయి. నేను రెండుసార్లు ఆగి చెయ్యి ఊపాను, రా బావా అని. ఆయనా ఆగిపోయాడు.

దింపుడు కళ్ళం దగ్గర పాడె దించినప్పుడు, నువ్వు వంగి మీ అమ్మ చెవిలో మూడుసార్లు పిలిచావు. ఆమె పలకలేదు. లేచి కళ్ళు తుడుచుకున్నావు. అప్పుడు వెనకనుంచి ఇంకొక పిలుపు వచ్చింది. "సన్యాసీ" అని. చిన్నప్పుడు ఆమెను అలా పిలిచేవాడట, పెళ్ళయ్యాక నేనెప్పుడూ వినలేదు. ఒక్కసారే పిలిచాడు. పాడె మోసేవాళ్ళు తిరిగి చూశారు. నువ్వు విన్నావో లేదో నాకు తెలియదు. నేను విన్నాను. ఎంత సంతోషమైందంటే, వరహాలూ, పాడె పక్కన నిలబడి ఇలా అనుకోవచ్చో లేదో గాని, వచ్చాడే, వచ్చేశాడే సన్యాసమ్మా అని నేను కూడా వంగి ఆమె చెవిలో చెప్పాను. పురోహితుడు నన్ను పక్కకి లాగేదాకా చెబుతూనే ఉన్నాను.

శ్మశానం గేటు దాటి లోపలికి రాలేదు. పొగ లేచేదాకా బయట ఉన్నాడట. నేను వచ్చి చూసేసరికి లేడు.

ఆయనకు మనం ఒక మాట చెప్పాలి కదా. ఆయన రావడం మనం చూశామని, మనకది చాలని. అది చాలా జాగ్రత్తగా రాయవలసిన ఉత్తరం. నువ్వు రాయి. నేను రాయను.

నాన్న